ముందు వరుసలో పన్నెండు నెలలు

సిరిసిల్ల
జనవరి 28

ప్రియమైన మంజులక్కకు,

పాటను చంపుతున్నది నువ్వే. ఇంకెవరి మీదికీ నెట్టకు. నీ బిడ్డ దీపిక కొనిచ్చిన ఆ తెల్ల గుండీలు రెండు చెవుల్లో పెట్టుకొని, బెండకాయలు తరుగుతూ, పక్కనున్న బావకు కూడా అందకుండా ఒక్కదానివే వింటావు. కుక్కరు కూత పెట్టగానే ఆపేస్తావు. పాడిన మనిషి ఎదురుగా లేదు, ఆమె గొంతు తడుపుకునే నీళ్ళ గ్లాసు లేదు, పక్కన ఊగే మనిషి భుజం లేదు. వేలితో తాకితే నోరు మూసుకునే వెట్టిమనిషిని చేశావు పాటను. నువ్వూ, నీలాంటి కోటిమందీ.

కోపం వచ్చిందా? రావాలనే రాశాను. ఇక అసలు సంగతి. ఈ సంవత్సరం నెలకొకటి చొప్పున పన్నెండు ప్రోగ్రాంలకు పోతాను. టీవీ కాదు, సినిమా హాలు కాదు, డీజే డబ్బాలు అసలే కాదు. మనిషి నిలబడి మనుషుల ముందు పాడాలి, లేకుంటే వాయించాలి. బస్సు పోయే దూరంలో ఉండాలి. నేను ముందు వరుసలో కూర్చోవాలి. ఒక్క నెల కూడా తప్పకూడదు. పన్నెండోది మీ మందమర్రిలో, డిసెంబరు ఇరవై మూడున, సింగరేణి దినోత్సవం నాడు. ఆ రోజు నువ్వు నా పక్కన కూర్చోవాలి. నిన్ను అడిగేది అదొక్కటే. ఈ సంవత్సరమే ఎందుకని అడగకు. యాభై దాటినవాడు ప్రతిదానికీ సంజాయిషీ ఇచ్చుకోడు.

మొదటిది అయిపోయింది. కేస్లాపూర్ నాగోబా జాతర. ఇంద్రవెల్లి దాకా బస్సులో నిలబడే పోయాను. కాళ్ళు వాచాయి. అయినా జాతరలో అడుగు పెట్టిన క్షణం నుంచి నాకు పదహారేళ్ళే. పెప్రె అని గోండులు సన్నాయి లాంటిది ఊదుతారు. ఊదే ముసలాయన బుగ్గలు తాటిముంజల్లా ఉబ్బి, కళ్ళు సగం మూసుకుపోతాయి. ఆయన పక్కన డోలు. నేను పోయి డోలుకు మూరెడు దూరంలో కూర్చున్నాను. వాయించే ఆయన కర్ర ఆపి నా మొహం చూశాడు.

"జర దూరం కూసో భావూ. గింత దగ్గరుంటె చెవులు పోతయ్."

"పోతె పోనీ. నువ్వు కొట్టు."

"మల్ల నన్ను తిడ్తవ్."

"ఆపితె తిడ్త."

ఆయన నవ్వి కొట్టాడు. అక్కా, నేల మోగింది. అరచెయ్యి నేలకు ఆనించి చూశాను. దరువు వేళ్ళలోంచి మోచేతికి, అక్కడి నుంచి పక్కటెముకల్లోకి ఎక్కింది. మూడు గంటలు అక్కడే ఉన్నాను. లేచేసరికి నా ప్యాంటు నిండా మట్టి, మొహం నిండా నవ్వు.

ఫోన్ చెయ్యకు, ఎత్తను. అక్కాతమ్ముళ్ళ మాటలను కంపెనీవాడు నెలకింత అని అమ్ముకోవడం నాకు ఇష్టం లేదని నీకు ముందే చెప్పాను. ఉత్తరం రాయి. పోస్టాఫీసు కూడా బతకాలి.

నీ మీద కోపంతో, అంతకంటే ఎక్కువ ప్రేమతో,
నీ తమ్ముడు
సిద్దిరాములు


మందమర్రి
ఫిబ్రవరి 19

ప్రియమైన తమ్ముడు సిద్దిరాములుకు అక్క ఆశీస్సులు.

నీ ఉత్తరం నాకంటే ముందు మీ బావ చదివి, "మీ తమ్ముడు నీ మీద మర్డర్ కేసు పెట్టిండు, లాయర్ను చూడాల్నా?" అని అడిగాడు. చాయ్ తాగుతున్నవాడు నవ్వి నవ్వి లుంగీ మీద పోసుకున్నాడు.

ఇప్పుడు నా జవాబు విను. పొద్దున తొమ్మిది నుంచి అంగన్‌వాడీలో ఇరవై ఇద్దరు పిల్లలు. ఒకడు ఏడిస్తే ఇరవై ఒక్కమంది అందుకుంటారు. ఇంటికొస్తే వంట. బెండకాయలు తరిగేటప్పుడు కాకుండా నేను పాట ఎప్పుడు వినాలి? ముందు వరుసలో కూర్చొనేవాడికి వెనక ఎవరో ఒకరు సద్ది కట్టాలి. నీకు కట్టేది సత్తమ్మ. నా మరదలు ఈ పెండ్లయిన ఇరవై ఏడేండ్లలో ఎన్ని ప్రోగ్రాంలు చూసింది? కేస్లాపూర్‌లో నీ పక్కటెముకలు మోగుతున్నప్పుడు ఆమె బీడీలు చుడుతూ కూర్చుంది. ప్రపంచంలో ఉన్న అన్యాయాలన్నీ నీకు కంఠస్థం. ఇంట్లోది ఒక్కటి మాత్రం మరిచిపోతావు.

ఫోన్ కంపెనీ మీద నీ పోరాటం కూడా నాకు అర్థం కాలేదు. మూడు, నాలుగేండ్ల కిందటి దాకా ఫోన్లో గంటలు గంటలు నా మెదడు తిన్నది నువ్వు కాదా?

ఇంకొకటి. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. బుగ్గలు ఉన్నాయి, కర్ర ఉంది, నీ ప్యాంటు మీద మట్టి కూడా ఉంది. ఆ పెప్రె ఎట్లా మోగిందో ఒక్క ముక్క లేదు. పాట విని వచ్చినవాడు చెప్పే తీరేనా అది?

సెలవు దొరికితే డిసెంబరులో నీ పక్కన కూర్చుంటాను. ఇప్పుడే మాట ఇవ్వను.

ప్రేమతో, హంతకురాలు
మీ మంజులక్క


సిరిసిల్ల
ఏప్రిల్ 30

ప్రియమైన అక్కకు,

ఒప్పుకుంటున్నాను. సత్తమ్మ విషయంలో నువ్వు గెలిచావు. గెలిచినందుకు ఈసారి సత్తమ్మను తీసుకొనే పోయాను. పెద్దపల్లి అవతల ఒక ఊళ్ళో ఒగ్గుకథ. ఫిబ్రవరిలో వేములవాడ శివరాత్రి, మార్చిలో కరీంనగర్ దర్గా దగ్గర కవాలీ, ఇది నాలుగోది. లెక్క తప్పలేదు.

కథ ఐదింటికి అన్నారు. ఐదింటికి ఒక నాయకుడు మైకు పట్టుకున్నాడు. అక్కా, గంటా నలభై నిమిషాలు. ఒగ్గు కళాకారులు కాళ్ళకు గజ్జెలు కట్టుకొని, మొహానికి పసుపు పూసుకొని, స్టేజీ పక్కన ఎండలో నిలబడే ఉన్నారు. పసుపు చెమటకు కారి చొక్కాల మీద పడుతోంది. నాయకుడికి మూడుసార్లు కొబ్బరిబోండాం వచ్చింది. వాళ్ళకు మంచినీళ్ళు కూడా రాలేదు. ఇది మర్యాద లేకపోవడం అని నువ్వు సర్దిచెప్తావు. కాదు, ఇది దొరతనం. గడీలు కూలినా దొరతనం కూలలేదు, మైకులోకి వచ్చి కూర్చుంది. నేను లేచి నిలబడ్డాను.

"దిగు సారూ, ఇగ సాలు."

నాయకుడి మనిషి ఒకడు నా ముందుకొచ్చాడు. "ఎవలు నువ్వు?"

"కథ వినతందుకు వచ్చినోన్ని."

"సారు మాట్లాడుతుండు, కనవడ్తలేదా?"

"కనవడ్తుంది. గందుకే సాలంటున్న."

వెనక ఆడవాళ్ళు ముందు నవ్వారు. తర్వాత ఊరంతా నవ్వింది. నాయకుడు జై కొట్టి దిగిపోయాడు. సత్తమ్మ నా చొక్కా గుంజి కూర్చోబెట్టి, "నీ నోటికి తాళం దొరకదు గని, మంచిగన్నవ్" అంది. ఆమె నన్ను మెచ్చుకొని పదేండ్లయింది.

ఇక కథ మొదలైంది. కథకుడు ఒక్కడే రాజు అయ్యాడు, రాణి అయ్యాడు, గొర్రె కూడా అయ్యాడు. గొర్రె అయినప్పుడు అతని కింది పెదవి వేలాడిన తీరు చూసి సత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

మర్నాడు షెడ్డులో మిగతా ఎనిమిదిమందికీ కథ మొత్తం చెప్పాను. సాంచాలు ఆపకుండానే. మా మరమగ్గాల షెడ్డు సంగతి నీకు తెలుసు కదా, నలభై సాంచాలు ఒక్కసారి కొట్టుకుంటుంటే నోరు పనికిరాదు. పెదవులు చూసుకొని, చేతులతోనే మాట్లాడుకుంటాం. దారం తెగితే రెండు వేళ్ళు విరిచినట్టు, దారం కండె అయిపోతే బొటనవేలు, షెడ్డు యజమాని ఆసామి వస్తుంటే మీసం తిప్పినట్టు. రాజుకు కూడా ఆసామి మీసమే పెట్టి చెప్పాను. మొగిలన్న నవ్వుతూ రెండు దారాలు తెంపుకున్నాడు.

పాడే మనిషి దొరికితే చెప్పు. ఆగస్టు ఖాళీగా ఉంది.

నీ తమ్ముడు, దొరల విరోధి
సిద్దిరాములు


మందమర్రి
జులై 24

ప్రియమైన తమ్మీ,

నువ్వే గెలిచావు. పండగ చేసుకో.

మొన్న మా కాలనీలో మహిళా సంఘం వాళ్ళు ఒక పిల్లను పిలిపించారు. పేరు సృజన, ఖానాపూర్ పిల్ల, ఇరవై ఐదు, ఇరవై ఆరు ఉంటాయి. వాళ్ళమ్మ బీడీలు చేస్తుందట. పాటలు తనే కట్టుకుంటుంది. చెవుల్లో గుండీలు లేకుండా, ఆమెకు పది అడుగుల దూరంలో కూర్చొని విన్నాను. ఆ గొంతులో కొంచెం ఇసుక ఉంటుంది తమ్మీ. పై స్థాయికి పోయినప్పుడు ఇసుక రాలిపోయి ఉత్త నీళ్ళు మిగులుతాయి. నా పక్కన కూర్చున్న ఒకామె నా చెయ్యి పట్టుకుంది. ఆమె ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. నువ్వు చెప్పిన పక్కటెముకలు నాకూ మోగాయి.

ఆగస్టు పదిహేడు ఆదివారం, సాయంత్రం ఐదింటికి మెట్‌పల్లిలో ఆమె ప్రోగ్రాం ఉంది, కాలేజీ గ్రౌండులో. నేనూ వస్తాను. రెండు బస్సులు మారాలి, ఆలస్యమైతే నా కోసం చూడకు, నువ్వు ముందు పోయి కూర్చో. విన్నాక ఆ గొంతు ఎట్లా ఉందో నాకు రాయాలి. బుగ్గలూ పెదవులూ కాదు. గొంతు.

ప్రేమతో
మీ మంజులక్క


సిరిసిల్ల
ఆగస్టు 19

ప్రియమైన అక్కకు,

రెండు రోజుల నుంచి నేల మీద నడవడం లేదు. సృజనను ఇన్నాళ్ళు నాకు చెప్పకుండా దాచిన నిన్ను ఏం చెయ్యాలి?

మొదటి రెండు పాటలు మంచివే. డప్పులు నాలుగు, ఆమె నడుమ. జనం ఈలలు వేశారు. మూడో పాట గురించి రాయడానికే ఈ కాగితం. బీడీలు చేసే తల్లి పాట.

"ఆకు తడిసిందో అత్తమ్మా, నా కన్ను తడిసిందో
వెయ్యి చుట్టినా పూట గడవదు, వేలు అరిగిందో"

ఈ పాట ఎత్తుకోగానే డప్పులవాళ్ళు డప్పులు కిందికి దించేశారు. ఒక్క గొంతుకే వదిలేశారు. అయినా నా గుండెలో దరువు ఆగలేదు. చెప్పుల కింద నేల మోగుతూనే ఉంది, కుర్చీ మోగుతూనే ఉంది. వాయించకుండానే మోగే దరువును నేను ఈ జన్మలో మొదటిసారి చూశాను. ఆమె నన్నే చూసి పాడింది. గొప్ప కోసం చెప్పడం లేదు, నిజంగా నన్నే చూసింది. నేను ప్రతి మాటా పెదవుల మీద ఆమెతో కలిపాను.

ఇక జనం సంగతి. సిగ్గు, అక్కా. ఒక బీడీ కార్మికురాలి బిడ్డ తన తల్లి వేళ్ళ గురించి పాడుతుంటే సగం మంది లేచి తిరుగుతున్నారు. కొందరు చేతులు ఊపుతూ మైకు సెట్టువాడి మీద పడి కొట్లాడుతున్నారు. నా పక్కవాడు ఫోన్ తీసి చూసుకుంటున్నాడు. పాట ముగిసినప్పుడు ఆ గ్రౌండులో చప్పట్లు కొట్టింది నేను ఒక్కడినే. ఒక్కడిని. వీళ్ళకు డీజే కావాలి, నడుములు కావాలి, తల్లి వేళ్ళు అక్కర్లేదు. ఈ మధ్యతరగతి చెవుల మీద నేను ఒక వ్యాసమే రాస్తాను, పత్రికవాళ్ళు వేసుకుంటే వేసుకోనీ, లేకుంటే కరపత్రం వేసి పంచుతాను.

నువ్వు వస్తానని రాలేదు. వచ్చి ఉంటే రెండు జతల చప్పట్లు అయ్యేవి. పాట కాగానే ఆఖరి బస్సు అందుకోవాలని పరుగెత్తాను.

ఎనిమిది అయ్యాయి. ఇంకా నాలుగు.

ఉప్పొంగిపోతూ
నీ తమ్ముడు సిద్దిరాములు


మందమర్రి
సెప్టెంబరు 1

ప్రియమైన తమ్మీ,

నేను వచ్చాను. మూడో పాట అప్పుడు వెనక గేటు దగ్గర నిలబడి నీ వీపు చూస్తూనే ఉన్నాను.

రెండో పాట చివర ఆంప్లిఫయర్ కాలిపోయింది. లైట్ల కోసం స్టేజీ పక్కనే పెట్టిన జనరేటర్ మాత్రం లారీలా కొట్టుకుంటోంది. మూడో పాట ఎవరికీ వినపడలేదు. మీ వరుసలో ఉన్నవాళ్ళకు కూడా వినపడలేదు. జనం లేచింది అందుకు. మైకువాడితో కొట్లాడింది ఆ పిల్ల గొంతు వినపడాలనే. డప్పులవాళ్ళు ఆపింది కూడా అందుకే. నీ చెప్పుల కింద మోగింది దరువు కాదు తమ్మీ. జనరేటర్.

నువ్వు గేటు దాటుతుంటే మూడుసార్లు పిలిచాను. "సిద్దిరాములూ" అని, "తమ్మీ" అని. నాలుగు అడుగుల దూరంలో నీ వెనకే ఉన్నాను. నువ్వు తిరగలేదు. నేను అలిగాను. అలిగి, స్టేజీ వెనక సృజన దగ్గరికి పోయాను. వినపడదని తెలిసీ పాట మొత్తం ఎందుకు పాడావని అడిగాను.

"ముందట ఒకాయన ఉండె అమ్మా. ఒక్క మాట ఇడువకుంట నాతోని కలుపుతుండె. ఆయనకు ఎట్ల వినవడ్తుందో నాకు సమజ్ కాలే. గాయన ఒక్కనికోసమే పాడిన" అంది.

అప్పుడు కూడా నాకు తట్టలేదు. నీ ఉత్తరం వచ్చాక తట్టింది. సత్తమ్మకు ఫోన్ చేశాను. ముందు అబద్ధం చెప్పింది. నేను వదలలేదు. చివరికి ఏడ్చింది.

"చెప్పద్దని తన నెత్తి మీద నాతోని ఒట్టు వెట్టించుకుండు వదినా. ఎనుక నుంచి పిలుస్తె పలుకడు. నేను కాలుతోని నేల తంతె తిరుగుతడు. గట్లనే ఎల్లదీస్తున్న."

ఇరవై ఏడేండ్లుగా సత్తమ్మ నీకు సద్ది కడుతోంది అనుకున్నాను. నీ చెవులు కూడా తనే మోస్తోందని తెలియదు.

ఇప్పుడు నా మాట. నువ్వు సాంచాల పని మానెయ్యి. ప్రోగ్రాంలు ఆపు. వెనక నుంచి లారీ హారన్ కొడితే వినపడనివాడివి, ఒంటరిగా మూడు జిల్లాలు బస్సులు మారుతున్నావు. నువ్వు రోడ్డు మీద పడి ఉన్నావని ఎవరో ఫోన్ చేసే రోజు నాకు వద్దు. డిసెంబరులో ఆ పన్నెండో ప్రోగ్రాం కూడా వద్దు. నువ్వు ముందు ఆపితేనే నేను నీ పక్కన కూర్చుంటాను, మా ఇంట్లో, మంచం మీద.

ఒక్క ప్రశ్నకు జవాబు రాయి. నా గొంతు నీకు చివరిసారి ఎప్పుడు వినపడింది?

మీ అక్క


మందమర్రి
అక్టోబరు 21

తమ్మీ,

యాభై రోజులు. దసరాకు రాలేదు, ఉత్తరం లేదు. సత్తమ్మ ఫోన్ ఎత్తి "మంచిగనే ఉన్నం వదినా" అని పెట్టేస్తోంది. తిట్టాలనుకుంటే తిడుతూ రాయి. నువ్వు తిట్టని నెల నాకు గుర్తు లేదు.

మంజులక్క


సిరిసిల్ల
నవంబరు 26

ప్రియమైన మంజులక్కకు,

సెప్టెంబరులో నేను ఎక్కడికీ పోలేదు. లెక్క తెగింది. నీ ఉత్తరం జేబులో పెట్టుకొని షెడ్డుకు పోయాను, ఇంటికి వచ్చాను, గోడ చూశాను. జనరేటర్ అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. జనాన్ని అన్ని మాటలు అన్నాను. వాళ్ళు ఆ పిల్ల కోసమే కొట్లాడారని తెలిసి సిగ్గుపడ్డాను. రాసి పెట్టుకున్న వ్యాసం పొయ్యిలో వేశాను.

నీ ప్రశ్నకు జవాబు. నాలుగేండ్ల కింద, బావ గనిలో కాలు విరగ్గొట్టుకున్నప్పుడు ఫోన్లో ఏడ్చావు. ఏడుపు వినపడింది, మాటలు అందలేదు. ఫోన్ మీద పోరాటం ఆ రోజు మొదలైంది. సిద్ధాంతం తర్వాత తయారు చేసుకున్నాను. పోయిన డిసెంబరులో డాక్టరు పరీక్ష చేసి చెప్పాడు. కుడిది పోయింది, ఎడమలో కాస్త ఉంది, అదీ ఏడాదో, ఏడాదిన్నరో. అందుకే ఈ సంవత్సరం. మిగిలిన కాస్తనూ పాటకే ఖర్చుపెట్టాలనుకున్నాను.

ఇంకోటి చెప్తాను, నవ్వకు. నేను జీవితమంతా ఇంత వాదించేవాడిని కదా. ఈ పదేండ్లుగా ఎందుకు ఇంకా ఎక్కువ వాదిస్తున్నానో తెలుసా? నేను మాట్లాడుతున్నంతసేపూ ఎదుటివాడి మాట వినవలసిన అవసరం రాదు. పాయింటు నాదే అని అందరూ అనుకున్నారు. పాయింటు కాదు, భయం.

షెడ్డులో మాకు చెవుడు కొత్త కాదు. పదేండ్లు సాంచాలు నడిపినవాడికి పోకపోతే వింత. అందరం చేతులతో మాట్లాడుకుంటాం, అందరం సమానమే. గేటు దాటితేనే మేము చెవిటోళ్ళం, జోకులం. వినపడక రెండోసారి అడిగితే బస్సు కండక్టరు కూడా అరుస్తాడు. దూది పెట్టుకొమ్మని చెప్పి ఆసాములు చేతులు కడుక్కుంటారు. మిషన్ అరిగితే మార్చేవాళ్ళకు మనిషి చెవి అరిగితే కనిపించదు. దీన్ని జబ్బు అనరు, వయసు అంటారు. మా షెడ్డులో ముప్పై రెండేండ్ల కుమార్‌కు కూడా వయసేనా? నేను ఊరంతటి అన్యాయం మీద అరిచి, నా చెవి మీద జరిగిన అన్యాయాన్ని దొంగసొత్తులా దాచాను. నువ్వు నన్ను ఒకసారి తిట్టావు కదా, ఇంట్లోది మరిచిపోతానని. ఒంట్లోది కూడా మరిచిపోయాను.

అక్టోబరులో సత్తమ్మ నా బీరువాలోంచి ఉతికిన చొక్కా తీసి మంచం మీద వేసింది. నా ఎదురుగా నిలబడి, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. "పోదాం నడువు. నాగ్గూడ ఆడ కూసోవాలె." ఇద్దరం ఉట్నూరు దిక్కు గోండుల దండారీ పండగకు పోయాం. నెమలీకల టోపీలు పెట్టుకొని గుస్సాడీలు ఆడుతుంటే సత్తమ్మ నా చేతి మీద దరువు కొట్టింది. తప్పు కొట్టింది. డోలువాడి కర్ర చూస్తే నాకు తెలుస్తుంది. అయినా చెప్పలేదు.

ఇక మొన్న పెద్దపల్లి. దీని కోసం నువ్వు నన్ను తిట్టడానికి సిద్ధంగా ఉండు.

సృజన ప్రోగ్రాం. మా షెడ్డు షెడ్డంతా పోయాం, తొమ్మిదిమందిమి. ముందు వరుసలో సోఫాలు వేసి ఉన్నాయి, కూర్చున్నాం. ఒక వలంటీర్ వచ్చాడు.

"గివి పెద్దమనుషుల సోఫాలు. లేవుండ్రి."

ఎవరూ కదల్లేదు. వాడు మొగిలన్న మొహం మీదికి వంగాడు. "ఏ పెద్దాయనా, చెప్తె వినవడ్తలేదా?"

మొగిలన్న చాలా మర్యాదగా చెప్పాడు. "వినవడ్తలేదు బిడ్డా. గందుకే గీడ కూసున్న."

వాడు చెయ్యి ఊపి తోటివాళ్ళను పిలిచాడు. ఇద్దరు, ముగ్గురు పోగయ్యారు. నేను లేచి నా ఉపన్యాసం మొదలుపెట్టబోతుంటే సృజన స్టేజీ దిగి వచ్చింది. నన్ను గుర్తుపట్టింది. నేను చేతులతో మా తొమ్మిదిమందినీ చూపించి, సాంచాల మోతకు పోయాయని, చేతులతోనే మాట్లాడుకుంటామని చెప్తూ నా చెవులు చూపించాను. మా అందరి మొహాలూ చూసింది. వలంటీర్‌తో, "వీళ్ళను లేపుతె నేను పాడ" అంది. తర్వాత నన్ను అడిగింది, దారం తెగిందని మీరు ఎట్లా చెప్తారని. రెండు వేళ్ళు చూపించాను.

అక్కా, ఆమె మైకును గదవ కిందికి దించుకుంది. రంగు లైట్లు ఆపమంది. తెల్ల లైటు మొహం మీద వేయించుకుంది. బీడీల పాట పాడింది, చివర ఒక కొత్త చరణం మా కోసం కలిపింది. దారం తెగిన చోట నోటితో మాట పలకలేదు. చెయ్యి ఎత్తి రెండు వేళ్ళు విరిచింది. మా తొమ్మిదిమందీ ఒక్కసారి లేచాం. వెనక వెయ్యిమంది ఏం జరిగిందో తెలియక లేచారు. కుమార్ సోఫా ఎక్కి నిలబడ్డాడు. మొగిలన్న రెండు చేతులూ ఎత్తి వేళ్ళు విరుస్తూనే ఉన్నాడు. పాట నడుస్తుంటే మా వాళ్ళు చేతులతో ఒకరికొకరు చెప్పుకుంటున్నారు, వాహ్ అని, ఇది చూడు అని, మా అవ్వ కూడా ఇంతే అని. వెనక ఒక పెద్దమనిషికి మా చేతులు అడ్డమయ్యాయట. ఆయన ఫోన్ మోగినప్పుడు ఎవరూ ఏమీ అనలేదట.

తిరుగు బస్సులో మాట్లాడుకున్నాం. తొమ్మిదిమందిమీ వచ్చే నెల ప్రభుత్వాసుపత్రికి పోయి చెవి పరీక్ష చేయించుకుంటాం, ఒకే రోజు, సాంచాలు ఆపి. పరీక్ష చిట్టీలన్నీ కలిపి కుట్టి లేబర్ ఆఫీసులో పెడతాం. ఆసామికి ఇంకా తెలియదు. తెలిసిన రోజు ఆయన మీసం నిజంగానే తిప్పుకోవలసి వస్తుంది.

పని ఇప్పుడే మానను. మానితే ఆ లేబర్ ఆఫీసు కాగితం మీద నా పేరు ఉండదు. ఒంటరిగా బస్సులు ఎక్కను, ఆ మాట ఇస్తున్నాను. ప్రోగ్రాంలు మాత్రం ఆపను. పన్నెండు కాస్తా పదకొండు అయ్యాయి, అయినా ఆఖరిది మీ ఊళ్ళోనే. మంచం మీద నా పక్కన కూర్చొని ఏం చేస్తావు అక్కా, గోడ చూస్తావా?

నీ షరతు నువ్వు పెట్టావు. నా డిమాండ్లు కింద ఉన్నాయి. కొన్ని ఆసాములకు, కొన్ని సర్కారుకు, కొన్ని ప్రోగ్రాంలు పెట్టేవాళ్ళకు. చివరివి నీకు. ఎవరివి ఎవరికో నువ్వే తెలుసుకుంటావు.

ఇట్లు, నీ మొండి తమ్ముడు
సిద్దిరాములు

డిమాండ్లు

1. సాంచాల షెడ్డులో పనిచేసే ప్రతి మనిషికీ సంవత్సరానికి ఒకసారి చెవి పరీక్ష చేయించాలి. ఆ రోజు కూలి కొయ్యకూడదు.

2. చెవి పోవడం పనివల్ల వచ్చిన జబ్బేనని కాగితం మీద రాయాలి. పరిహారం ఇవ్వాలి.

3. పనిలో చేరిన మొదటి రోజే చెవులకు పెట్టుకునేవి ఇవ్వాలి. దూది కాదు.

4. ముందు వరుస వినపడనివాళ్ళకు వదలాలి. సోఫాలు అక్కర్లేదు, మామూలు కుర్చీలు చాలు.

5. పాడేవాళ్ళ మొహం మీద తెల్ల లైటు వెయ్యాలి. మైకు నోటికి అడ్డం పెట్టకూడదు.

6. పాటకు ముందు ఉపన్యాసాలు వద్దు. తర్వాత కూడా వద్దు.

7. పాడినవాళ్ళకూ వాయించినవాళ్ళకూ నీళ్ళు, నీడ, అన్నం అందరికంటే ముందు ఇవ్వాలి.

8. డిసెంబరు ఇరవై మూడున నువ్వు, సత్తమ్మ, బావ ముందు వరుసలో కూర్చోవాలి. నువ్వు నా ఎడమ పక్కన.

9. ఆ రోజు పాడే గొంతు ఎట్లా ఉందో పాట అయ్యాక నాకు చెప్పాలి. ఇసుక ఉందో, నీళ్ళు ఉన్నాయో, ఏదీ దాచకుండా.

10. నాతో మాట్లాడేటప్పుడు ఏడవకూడదు. ఏడిస్తే పెదవులు వణుకుతాయి, నాకు మాట అందదు.